ఉత్తర ఐరోపా అడవులు, వాటి రక్షిత ప్రాంతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఉత్తర అడవులు అంటే ఏ ప్రాంతం?

పాఠశాల భూగోళశాస్త్రంలో శృంగాకార అరణ్యాలు, టైగా అనే పేర్లతో మనం చదువుకున్న మండలమే ఇది. అలాస్కా నుంచి కెనడా మీదుగానూ, నార్వే నుంచి సైబీరియా తూర్పు తీరం దాకానూ టండ్రాకు దిగువన సాగే ఈ అడవి, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2020 అంచనా ప్రకారం, భూమి మీద ఉన్న మొత్తం అడవిలో 27 శాతం. దానిలో స్వీడన్, ఫిన్లాండ్, రష్యా వాయవ్య భాగం (కరేలియా, ఆర్ఖాంగెల్స్క్, కోమి) గురించి మాత్రమే ఇక్కడ చర్చిస్తున్నాము. ఈ మూడు చోట్లా చెట్లు చాలావరకు ఒకటే: స్కాట్స్ పైన్, స్ప్రూస్, భూర్జ, ఆస్పెన్, తూర్పుకు పోయే కొద్దీ లార్చ్, సైబీరియా ఫిర్ కలుస్తాయి. చెట్లు ఒకటే అయినా భూమి యాజమాన్యం, చట్టాలు, గత వందేళ్ల రాజకీయాలు వేర్వేరు కాబట్టి రక్షణ ఎక్కడ ఫలించిందో, ఎక్కడ పేరుకు మాత్రమే మిగిలిందో పోల్చి చూడడానికి ఈ ప్రాంతం అనువైనది.

ఫిన్లాండ్‌లో నేలలో నాలుగింట మూడు వంతులు అడవే కదా, మళ్లీ రక్షణ ఎందుకు?

ఈ విషయంలో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. విస్తీర్ణాన్నే కొలతగా తీసుకుంటే ఆ దేశాలకు ఏ లోటూ లేదు. ఫిన్లాండ్ అడవులలోని కలప నిల్వ 20వ శతాబ్దపు మధ్య కాలంలో కంటే ఇప్పుడే ఎక్కువ. అయితే అందులో అత్యధిక భాగం పంటగా పెంచిన అడవి. ఒక చోట ఉన్న చెట్లన్నిటినీ ఒకేసారి నరికి, నేలను యంత్రంతో గీరి, ఒకటి రెండు జాతుల మొక్కలు నాటి, మధ్యలో రెండు మూడు సార్లు పలచన చేసి, దక్షిణాన 60 నుంచి 80 ఏళ్లకు, ఉత్తరాన అంతకంటే చాలా ఆలస్యంగా మళ్లీ మొత్తం నరికే పద్ధతి 1950ల నుంచి స్వీడన్‌లోనూ ఫిన్లాండ్‌లోనూ సర్వసాధారణమైంది. విమానంలోంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. లోపలికి నడిస్తే ఒకే వయసు చెట్లు, ఒకే ఎత్తు, కింద కూలిన మాను ఒక్కటీ ఉండదు.

దాని ఫలితం జీవజాతుల లెక్కల్లో కనిపిస్తుంది. ఫిన్లాండ్ 2019లో ప్రకటించిన జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులు 2,667. వాటిలో మూడో వంతుకు కొంచెం తక్కువ అడవినే ప్రధాన ఆవాసంగా చేసుకున్నవి. కాబట్టి అడవి ఎంత ఉంది అన్న ప్రశ్న కంటే ఎలాంటి అడవి ఎంత ఉంది అన్న ప్రశ్నే ముఖ్యమైనది. కింద వచ్చే జవాబులన్నీ ఏదో ఒక రూపంలో దీని చుట్టే తిరుగుతాయి.

పాత అడవి అంటే వయసు మళ్లిన చెట్లున్న అడవి అనేనా?

వయసు ఒక లక్షణం మాత్రమే. గొడ్డలి చాలా కాలంగా పడని అడవిలో 300 ఏళ్ల పైన్ పక్కనే మోకాలెత్తు మొక్క ఉంటుంది. గాలికి కూలిన స్ప్రూస్ మీద నాచు పట్టి, ఆ నాచులో కొత్త మొలకలు లేస్తాయి. ఎప్పుడో చనిపోయిన పైన్ మాను బెరడు రాలి, బూడిద రంగుకు తిరిగి, నిలువునా నిలబడి ఉంటుంది. ఉత్తరపు కొసన ఉన్న లాప్లాండ్ చలిలో అలా ఎండిన మాను వందేళ్లకు మించి నిలబడడం విశేషమేమీ కాదు.

ఈ చచ్చిన కట్టెలోనే పాత అడవి ప్రాణం చాలావరకు ఉంది. ఫిన్లాండ్ అడవుల్లోని జాతులలో ఇంచుమించు 20 నుంచి 25 శాతం, అంటే 4,000 నుంచి 5,000 జాతులు, ఎండిన లేదా కుళ్లుతున్న కలప మీద ఏదో ఒక దశలో ఆధారపడి బతుకుతాయి: పెంకు పురుగులు, మానుకు అంటుకొని పెరిగే గట్టి పుట్టగొడుగులు, నాచులు, వాటిని వెతుక్కుంటూ వచ్చే వడ్రంగి పిట్టలు. తెల్లవీపు వడ్రంగి పిట్టకు ఎండిన భూర్జ, ఆస్పెన్ వంటి ఆకురాల్చే చెట్లు కావాలి. సైబీరియా ఎగిరే ఉడుతకు తొర్ర ఉన్న ముసలి ఆస్పెన్ కావాలి. సహజమైన అడవిలో ఇలాంటి కలప హెక్టారుకు పదుల ఘనపు మీటర్లు, సారవంతమైన చోట వంద దాటి కూడా ఉంటుంది. పెంచిన అడవిలో అది కొన్ని ఘనపు మీటర్లకు మించదు. ఎండుపుల్లలు ఏరి తోటను శుభ్రంగా ఉంచడం మంచి రైతు లక్షణమని నమ్మే మనకు ఇది కొంత వింతగానే తోస్తుంది. ఆ దేశాల అటవీ అధికారులకు కూడా 1990ల దాకా అలాగే తోచింది.

నరికిన చోట మళ్లీ నాటుతున్నారు కదా, కొంత కాలానికి అది పాత అడవి కాదా?

కావచ్చు, కానీ ఆ కాలం మనిషి ఆయుష్షుతో కొలిచేది కాదు. చెట్టు పెరగడానికి ఒక శతాబ్దం, అది ముసలిదై చావడానికి మరో రెండు శతాబ్దాలు, కూలి కుళ్లడానికి ఇంకొంత కాలం పడుతుంది. పైగా ఆ జాతులు తిరిగి రావాలంటే అవి బతికి ఉన్న మరో పాత అడవి దగ్గరలో ఉండాలి. కొన్ని పురుగులు, లైకెన్లు (మాను మీదా నేల మీదా నాచులా పెరిగే జీవులు) కొన్ని వందల మీటర్లకు మించి వ్యాపించలేవు. మధ్యలో పది కిలోమీటర్ల వెడల్పున కుర్ర తోటలే ఉంటే, నాటిన అడవి ఎంత పాతబడినా వాటికి దారి దొరకదు. చిన్న చిన్న ముక్కలను విడివిడిగా కాపాడడం చాలకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతంలో రక్షణ ఎప్పుడు మొదలైంది?

ఐరోపా మొత్తంలో జాతీయ పార్కులు ఏర్పరచిన మొదటి దేశం స్వీడన్. 1909లో ఒకే చట్టంతో తొమ్మిదింటిని ప్రకటించారు. అబిస్కో, సారెక్ వాటిలోవే. ఆ తొమ్మిదింటిలో హామ్రా విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సారెక్ మంచుకొండలకు దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు కేటాయించిన ఆ ప్రభుత్వమే, పాత అడవికి నమూనాగా హామ్రాకు ఇచ్చింది 27 హెక్టార్లు, అంటే 70 ఎకరాలకు లోపు. దానిని విస్తరించి 1,383 హెక్టార్లు చేయడానికి 2011 దాకా పట్టింది. కొండ అయితే ఉదారంగా, కలప ఉన్న చోటైతే పొదుపుగా ఇచ్చే ఆ ధోరణి ఈనాటికీ పూర్తిగా పోలేదు.

ఫిన్లాండ్ 1923లో ప్రకృతి పరిరక్షణ చట్టం చేసి, 1938లో మొదటి జాతీయ పార్కులను స్థాపించింది. రష్యాలో మొదటి ప్రభుత్వ అభయారణ్యమైన బర్గుజిన్‌ను బైకాల్ సరస్సు ఒడ్డున 1916 చివరలో, సేబుల్ అనే విలువైన బొచ్చు జంతువును కాపాడడానికి నెలకొల్పారు. వాయవ్య భాగంలోని పెచోరా-ఇలిచ్ అభయారణ్యం 1930 నాటిది.

జపోవెద్నిక్, జకాజ్నిక్, జాతీయ పార్కు: వీటికి తేడా ఏమిటి?

రష్యా 1995 నాటి చట్టం ప్రకారం జపోవెద్నిక్ అత్యంత కఠినమైన రక్షణ గల ప్రాంతం. అక్కడ కలప కోత, వేట, గనులు అన్నీ నిషిద్ధం. సందర్శకులకు కూడా నిర్దేశించిన బాటల్లో తప్ప ప్రవేశం ఉండదు. ప్రకృతిని పరిశోధించడమే దాని ప్రధాన ఉద్దేశం. జాతీయ పార్కును మండలాలుగా విభజిస్తారు: నడిబొడ్డున కఠిన రక్షణ, అంచుల్లో విహారం, గ్రామాలు, సాంప్రదాయిక జీవనం. జకాజ్నిక్ అన్నిటికంటే సడలింపు ఉన్నది. ఏది నిషిద్ధమో ఒక్కో జకాజ్నిక్ నిబంధనల్లో వేరుగా రాసి ఉంటుంది కాబట్టి, పేరు చూసి రక్షణ స్థాయిని ఊహించడం పొరపాటవుతుంది. ఒకచోట చెట్టును ముట్టుకోనివ్వరు, మరోచోట వేటను మాత్రమే ఆపుతారు.

ఫిన్లాండ్‌లో జాతీయ పార్కులు 41 ఉన్నాయి. 2022లో ఏర్పడిన సల్లా చివరిది. ఇవి కాక సాధారణ సందర్శకులకు మూసి ఉంచే కఠిన ప్రకృతి ఉద్యానాలు, 1991 చట్టంతో లాప్లాండ్‌లో ఏర్పడిన 12 నిర్జన ప్రాంతాలు ఉన్నాయి. ప్రభుత్వ భూమిలోని రక్షిత ప్రాంతాలను మెట్సాహల్లితుస్ అనే ప్రభుత్వ సంస్థ నిర్వహిస్తుంది. పక్కనే ఉన్న ప్రభుత్వ అడవిలో కలప నరికి అమ్మేదీ అదే సంస్థ కావడం దశాబ్దాలుగా విమర్శకు గురవుతున్న విషయం.

పెద్ద పార్కులన్నీ కొండల్లోనూ, ఉత్తరపు కొసనూ ఎందుకు ఉన్నాయి?

అక్కడ కలప తక్కువ, భూమి ప్రభుత్వానిది, అడ్డు చెప్పే కంపెనీలు లేవు. ఇంత సూటిగా ఏ ప్రభుత్వ పత్రమూ చెప్పదు గానీ, పటం చూస్తే మరో వివరణ దొరకదు. ఫిన్లాండ్‌లో ఉత్తర భాగపు అడవిలో దాదాపు ఐదో వంతు రక్షణలో ఉంటే, దక్షిణాన అది ఇరవయ్యో వంతు దరిదాపుల్లోనే ఉంది. జీవజాతులు ఎక్కువగా ఉండేదీ, ప్రమాదంలో ఉన్నవి ఎక్కువగా కనిపించేదీ దక్షిణపు సారవంతమైన అడవుల్లోనే. స్వీడన్‌లో కూడా రక్షిత అడవిలో ఎక్కువ భాగం కొండల అంచున, చెట్టు కష్టంగా పెరిగే ఎత్తులో ఉంది.

అందువల్ల ఒక దేశం తన అడవిలో ఇంత శాతం కాపాడుతున్నానని చెప్పినప్పుడు, ఆ లెక్కలో చెట్లు అంతంత మాత్రంగా పెరిగే బండ నేలలూ చిత్తడి అంచులూ కలిశాయా అని అడగడం అవసరం. కలప బాగా పెరిగే నేలను మాత్రమే లెక్కిస్తే ఆ శాతం గణనీయంగా పడిపోతుంది. ఇది లెక్కల మోసం కాదు, రెండు లెక్కలూ బహిరంగంగానే ఉన్నాయి. పత్రికా ప్రకటనల్లో పెద్దది మాత్రమే కనిపిస్తుంది.

సొంత అడవి ఉన్నవారిని ప్రభుత్వం ఎలా ఒప్పిస్తుంది?

ఫిన్లాండ్‌లో దాదాపు 60 శాతం అడవి కుటుంబాల చేతుల్లో ఉంది. స్వీడన్‌లో ఇంచుమించు సగం. 1990లలో ఐరోపా సమాఖ్య రక్షిత స్థలాల జాబితా అయిన నాచురా 2000 కోసం అధికారులు పటాల మీద గీతలు గీసినప్పుడు, తమను అడగకుండా తమ భూమిని లాక్కుంటున్నారని ఫిన్లాండ్ యజమానులు తీవ్రంగా ప్రతిఘటించారు. కొందరు నిరాహార దీక్షకు కూడా కూర్చున్నారు. ఆ అనుభవం నుంచి పుట్టిందే 2008లో మొదలైన మెట్సో కార్యక్రమం. ఇందులో యజమానే తన అడవిని రక్షణకు ఇవ్వజూపుతాడు, నిపుణులు వచ్చి చూసి విలువ నిర్ణయిస్తారు, నిలిచి ఉన్న కలప ధరకు సమానమైన పరిహారం పన్ను లేకుండా అందుతుంది. శాశ్వతంగానైనా, కొన్నేళ్ల గడువుకైనా ఒప్పందం చేసుకోవచ్చు. తగాదాలు దాదాపు సద్దుమణిగాయి. కాకపోతే స్వచ్ఛందం కాబట్టి ముక్కలు చెదురుమదురుగా వస్తాయి, ఏటా బడ్జెట్ ఎంత ఉంటే అంతే వస్తాయి.

రష్యా వాయవ్యంలో ఇంకా మిగిలి ఉన్నది ఏమిటి?

ఐరోపాలో మనిషి చేయి పడని పెద్ద అడవులు ఎక్కడ ఉన్నాయని అడిగితే జవాబు ఇక్కడే ఉంది. ఉరల్ పర్వతాల పడమటి వాలులో, పెచోరా-ఇలిచ్ అభయారణ్యాన్నీ 1994లో ఏర్పడిన యుగిద్ వా జాతీయ పార్కునూ కలిపి 1995లో యునెస్కో కోమి అడవుల పేరిట ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రష్యా నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి ప్రకృతి స్థలం అది. విస్తీర్ణం 32.8 లక్షల హెక్టార్లు, తెలంగాణ రాష్ట్రంలో నాలుగో వంతుకు మించి. అంతటి గుర్తింపు ఉన్నా, యుగిద్ వా ఉత్తర భాగంలోని బంగారు నిక్షేపం కోసం పార్కు సరిహద్దును మార్చాలనే ప్రయత్నాలు ఏళ్ల తరబడి సాగాయి.

ప్రకటించిన రక్షణ శాశ్వతం కాదనే సంగతి ఆ ప్రాంతానికి కొత్త కాదు. 1951లో స్టాలిన్ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌లోని 128 జపోవెద్నిక్‌లను ఒక్క దెబ్బతో 40కి తగ్గించింది. పెచోరా-ఇలిచ్ మూతపడలేదు గానీ భూమిలో అత్యధిక భాగం పోగొట్టుకొని, 1959లో అందులో కొంత తిరిగి పొందింది. అదే అభయారణ్యంలోని యాక్షా గ్రామంలో 1949లో దుప్పి జాతిలో అతి పెద్దదైన మూస్‌ను మచ్చిక చేసే ప్రయోగశాల మొదలైంది. అభయారణ్యం తన ఉనికిని సమర్థించుకోవడానికి ఏదో ఒక ఆర్థిక ప్రయోజనం చూపించవలసిన కాలం అది.

కొత్త కథ ఆర్ఖాంగెల్స్క్‌ది. ఉత్తర ద్వినా, పినేగా నదుల మధ్య రోడ్లు లేని స్ప్రూస్ అడవి ఒకటి మిగిలి ఉంది. కలప కంపెనీల కౌలు భూములు దానిని అన్ని వైపుల నుంచీ కొరుక్కుంటూ వచ్చాయి. అక్కడ అభయారణ్యం కావాలని పర్యావరణ సంస్థలు దాదాపు రెండు దశాబ్దాలు పట్టుబట్టాయి. చివరికి 2018లో కంపెనీలు, సంస్థలు సరిహద్దు మీద ఒప్పందానికి వచ్చాయి. 2019 అక్టోబరులో ద్వినా-పినేగా జకాజ్నిక్ దాదాపు 3 లక్షల హెక్టార్లతో ఏర్పడింది. మొదట అడిగిన దానికంటే ఇది చాలా చిన్నది, చర్చలు సాగిన ఏళ్లలో కోతా సాగింది. అయినా కౌలు హక్కులున్న కంపెనీలు కోతకు వీలున్న అడవిని వదులుకోవడం ఆ ప్రాంతంలో అరుదు కాబట్టి, దీనిని చిన్న విజయంగా తీసిపారేయడం సరికాదు.

సామీ ప్రజలకు ఈ అడవులతో సంబంధం ఏమిటి?

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా కోలా ద్వీపకల్పాలలో విస్తరించిన ఆదివాసీ జాతి సామీలు. వారిలో కొందరి జీవనాధారం రెయిన్‌డీర్ మందలు. ఆ మందలు శీతాకాలంలో మంచును గిట్టలతో తవ్వి నేల మీది లైకెన్‌ను తింటాయి. నడి శీతాకాలంలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడు, లేదా మంచు మీద వాన పడినప్పుడు, నేల మీద మంచుపెంకు ఏర్పడి గిట్టకు లొంగదు. అప్పుడు మందను నిలబెట్టేది ముసలి చెట్ల కొమ్మలకు గడ్డంలా వేలాడే లైకెన్ ఒక్కటే. అది పెరగడానికి చెట్టుకు వందేళ్లకు పైగా వయసుండాలి. చెట్లన్నీ ఒకేసారి నరికితే ఆ మేత పూర్తిగా పోతుంది. వాతావరణ మార్పు వల్ల శీతాకాలపు వానలు పెరుగుతున్న కొద్దీ దాని అవసరం ఎక్కువవుతోంది.

నేల లైకెన్ పరిస్థితీ అంతే. స్వీడన్‌లో అది దట్టంగా పెరిగే అడవి 60 ఏళ్లలో 71 శాతం తగ్గిందని 2016లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. 1970ల నుంచి త్వరగా పెరుగుతుందని ఉత్తర అమెరికా నుంచి తెచ్చి నాటిన లాడ్జ్‌పోల్ పైన్ తోటలు కూడా అందులో ఒక కారణం. అవి ఎంత దట్టంగా ఉంటాయంటే రెయిన్‌డీర్ వాటిలోకి వెళ్లడానికి ఇష్టపడదు.

ఫిన్లాండ్‌లోని ఇనారిలో మందల యజమానులకూ మెట్సాహల్లితుస్‌కూ మధ్య నడిచిన తగాదా ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లి, ఆ తరువాత శీతాకాలపు మేత అడవుల్లో కోత ఆపే దీర్ఘకాలిక ఒప్పందాలతో ముగిసింది. స్వీడన్ ఉత్తరాన సామీల మేత భూములున్న లాపోనియా 1996లో ప్రపంచ వారసత్వ స్థలం అయినప్పటికీ, దాని నిర్వహణ మండలిలో సామీలకు ఆధిక్యం దక్కడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. రక్షిత ప్రాంతం అనగానే సామీలు సంతోషిస్తారని అనుకోవడం కూడా తొందరపాటే: గనినీ కోతనూ ఆపే పార్కు, మందల కాపరి మోటారు బండినీ గుడిసెనూ కూడా ఆపవచ్చు. నల్లమల చెంచుల సంగతి ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సందిగ్ధాన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

రక్షిత ప్రాంతంలో మంటలు వస్తే ఆర్పాలా, వదిలేయాలా?

ఉత్తర అడవికి అగ్ని పరాయిది కాదు. పొడి నేలల్లోని పైన్ అడవులు శతాబ్దాల పాటు పదే పదే కాలుతూ వచ్చాయి. ముసలి పైన్ మొదట్లో పాత మంటల మచ్చలు వరుసగా కనిపిస్తాయి. కాలిన కలప మీదే గుడ్లు పెట్టే పెంకు పురుగులు ఉన్నాయి. వాటిలో ఒకటి పరారుణ కిరణాలను పసిగట్టే అవయవంతో దూరపు మంటను గుర్తించి ఎగిరి వస్తుంది. మంటలు ఆర్పడం సమర్థంగా మారిన తరువాత ఇవి అరుదైపోయాయి. అందుకని స్వీడన్, ఫిన్లాండ్ రక్షిత ప్రాంతాలలో గాలి, తేమ అనుకూలంగా ఉన్న రోజులు చూసి, చుట్టూ మనుషులను నిలబెట్టి, అధికారులే నిప్పు పెడతారు.

2014లో స్వీడన్‌లోని వెస్ట్‌మన్‌లాండ్‌లో 13,000 హెక్టార్లకు పైగా కాలిపోయినప్పుడు, కాలిన చెట్లన్నిటినీ తీసేయకుండా అందులో 6,420 హెక్టార్లను మరుసటి ఏడాదే ప్రకృతి రిజర్వుగా ప్రకటించారు. నల్లగా మిగిలిన మోళ్లను అలా కాపాడడం కొందరికి వృథా అనిపించినా, వడ్రంగి పిట్టలు ఆ నిర్ణయాన్ని వెంటనే సమర్థించాయి. అయితే దీనిని అన్ని మంటలకూ వర్తింపజేయకూడదు. 2023లో కెనడాలో ఒక్క వేసవిలో 1.5 కోట్ల హెక్టార్లు దాటి కాలిపోవడం అడవి సహజ చక్రంలో భాగం అనలేము.

కుర్ర అడవి పాత అడవి కంటే ఎక్కువ కర్బనం పీలుస్తుందంటారు, నిజమేనా?

పీల్చే వేగం విషయంలో నిజం, దాచిన నిల్వ విషయంలో కాదు. ఈ అడవుల కర్బనంలో ఎక్కువ భాగం చెట్లలో కాదు, నేలలోనూ పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం) పొరల్లోనూ ఉంది. పూర్తిగా నరికిన నేల పదేళ్లో, అంతకంటే ఎక్కువ కాలమో పీల్చే దానికంటే ఎక్కువే వదులుతుంది. నరికిన కలపలో పెద్ద భాగం కాగితంగానో ఇంధనంగానో మారి కొద్ది ఏళ్లలోనే గాలిలో కలుస్తుంది. ఫిన్లాండ్ తన చిత్తడి నేలల్లో దాదాపు సగాన్ని కలప కోసం కాలువలు తవ్వి ఎండగట్టింది. ఆ పీట్ ఇప్పటికీ కర్బనాన్ని వదులుతూనే ఉంది. ఆ దేశపు భూ వినియోగ రంగం ఉద్గారాలను పీల్చేది కాక వదిలేదిగా మారిందని 2021 లెక్కలు చూపినప్పుడు అక్కడి రాజకీయం ఉలిక్కిపడింది. కోత పెరగడం, పైన్ పెరుగుదల మందగించడం అందుకు చెప్పిన ముఖ్య కారణాలు.

కలప మీద ఎఫ్‌ఎస్‌సీ ముద్ర ఉంటే చాలదా?

అడవిని బాధ్యతగా నిర్వహించి తీసిన కలప అని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఎస్‌సీ. దాని ముద్ర లేనిదాని కంటే ఉన్నది మేలే. స్వీడన్‌లో ఆ ప్రమాణం ప్రకారం పెద్ద యజమానులు అడవిలో కొంత భాగాన్ని కోతకు దూరంగా ఉంచాలి, ఎండు మానులను వదలాలి, పొడి నేలల్లో కొంత భాగాన్ని నియంత్రిత పద్ధతిలో కాల్చాలి. కానీ ముద్ర చట్టం కాదు, ఎవరైనా వదులుకోవచ్చు. ఉక్రెయిన్ మీద దాడి తరువాత 2022లో ఎఫ్‌ఎస్‌సీ రష్యాలో తన వాణిజ్య ధ్రువపత్రాలను నిలిపివేయడంతో, ఆర్ఖాంగెల్స్క్ వంటి చోట్ల కంపెనీలను చర్చలకు రప్పించిన ప్రధాన ఒత్తిడి మాయమైంది. అదే ఏడాది రష్యా కలప దిగుమతి ఆగినందువల్ల ఫిన్లాండ్ సొంత అడవుల మీద భారమూ పెరిగింది.

2030 నాటికి 30 శాతం అనే లక్ష్యం నెరవేరుతుందా?

భూమిలోనూ జలాల్లోనూ 30 శాతాన్ని 2030 నాటికి రక్షణలోకి తేవాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న లక్ష్యం అది. ఐరోపా సమాఖ్య 2020 మేలోనే అలాంటి వ్యూహాన్ని ప్రకటించి, మిగిలిన పాత అడవులన్నిటినీ కఠిన రక్షణలో ఉంచాలని కూడా చేర్చింది. తగాదా అంతా పాత అడవి అని దేనిని అనాలనే దగ్గర వచ్చింది. చెట్ల వయసు, ఎండు కలప పరిమాణం వంటి కొలతలను చాలా ఎత్తున పెడితే, దక్షిణ ఫిన్లాండ్‌లో అర్హత పొందే అడవి దాదాపు మిగలదు. ఆ దేశ ప్రభుత్వం రూపొందించిన ప్రమాణాల మీద శాస్త్రవేత్తల అభ్యంతరం ఇదే. శాతం పూర్తి కావచ్చు. చిత్తడి నేలలు, కొండలు, జలాలు కలిపితే అది కష్టమైన పని కూడా కాదు. సారవంతమైన నేలలోని పాత అడవి అందులో ఎంత ఉంటుందనేది ఇప్పటి పరిస్థితిలో ఆశాజనకంగా లేదు.

జంతువులకు సరిహద్దులు లేవు కదా, ఈ దేశాలు కలిసి పనిచేయవా?

చాలా కాలం చేశాయి. శీతల యుద్ధ కాలంలో మనుషుల రాకపోకలు లేని సరిహద్దు పట్టీలో పాత అడవి అనుకోకుండా మిగిలిపోయింది. 1983లో స్థాపించిన కొస్తముక్షా జపోవెద్నిక్‌నూ ఫిన్లాండ్ వైపు అడవులనూ కలిపి 1990లో మైత్రీ ఉద్యానం ఏర్పడింది. 2010లో నార్వే, ఫిన్లాండ్, రష్యా ఆ పట్టీ మొత్తాన్ని హరిత మేఖలగా కాపాడాలని ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అడవి రెయిన్‌డీర్ చరిత్ర దాని విలువను చెబుతుంది: వేట వల్ల 20వ శతాబ్దం తొలినాళ్లలో ఫిన్లాండ్‌లో పూర్తిగా అంతరించిన ఆ జంతువు, 1950లలో రష్యా కరేలియా నుంచి తనంత తాను సరిహద్దు దాటి తిరిగి వచ్చింది. 2022 తరువాత రెండు పక్కల శాస్త్రవేత్తల కలయిక దాదాపు ఆగిపోయింది.

ఆ దేశాల్లో ఉంటున్న తెలుగువారు ఈ అడవులకు వెళ్లవచ్చా?

నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. హెల్సింకి, ఎస్పో ప్రాంతంలో ఉద్యోగాలు చేసే కుటుంబాలకు 1994లో ఏర్పడిన నూక్సియో జాతీయ పార్కు బస్సు దూరంలో ఉంది. ఎగిరే ఉడుతే దాని చిహ్నం. స్టాక్‌హోం వారికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని తిరెస్తాలో, 1999లో కాలిన 450 హెక్టార్లు మళ్లీ ఎలా పచ్చబడుతున్నాయో కళ్లారా చూడవచ్చు. ఈ రెండు దేశాల్లోనూ ఇతరుల అడవిలోనైనా నడవడానికి, పళ్లు ఏరుకోవడానికి అందరికీ హక్కు ఉంది. ఫిన్లాండ్ జాతీయ పార్కుల్లో బిల్‌బెర్రీ, లింగన్‌బెర్రీ, తినదగిన పుట్టగొడుగులు ఇంటికి తెచ్చుకోవచ్చు. స్వీడన్‌లో ఒక్కో పార్కుకు ఒక్కో నియమావళి ఉంటుంది కాబట్టి ద్వారం దగ్గరి బోర్డు చదవాలి.

మంట విషయంలో మాత్రం ఆ హక్కు వర్తించదు. పార్కులో ఏర్పాటు చేసిన పొయ్యి దగ్గర, అక్కడ పేర్చి ఉంచిన కట్టెలతోనే వంట చేసుకోవాలి. కార్చిచ్చు హెచ్చరిక ఉన్న రోజుల్లో బయటి పొయ్యి కూడా వెలిగించకూడదు. చుట్టుపక్కల ఎండిపోయి నిలబడ్డ మానును విరచడం, నరకడం నేరం. కుక్కను తాడుతోనే తీసుకుపోవాలి. ఫిన్లాండ్‌లోని కఠిన ప్రకృతి ఉద్యానాలకు పైన చెప్పిన స్వేచ్ఛలేవీ వర్తించవు; కొన్నింటిలో గుర్తు పెట్టిన బాట ఉంటే దాని మీద నడవవచ్చు, మిగతా చోట్లకు మెట్సాహల్లితుస్ దగ్గర ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.